బోర్లా పండుకోప్పా

మొన్న నెలలో నా పిరుదు మీద గడ్డ లేచింది. నలభై ఏళ్లు ఊరందరి గడ్డలూ కోసినవాణ్ణి. నా గడ్డ నేను కోసుకునే వీలు లేక, కర్నూల్లోనే ఒక కుర్ర సర్జను దగ్గరికి పోయాను. నా మనవడి ఈడు ఉంటుంది. కోసి, చీము తీసి, లోపల గాజుగుడ్డ కూరి, "తాతగారూ, దీన్ని కుట్టకూడదండీ. లోపల్నుంచి పూడుకుంటూ రావాలి. తెరిచే ఉంచుదాం" అని నాకే వైద్యం చెప్పాడు.

అతని ముందు నవ్వాను. ఇంటికొచ్చి బోర్లా పడుకున్నాక నవ్వు రాలేదు. ఆ మాట నాకు మొదట చెప్పింది ఈ కుర్రవాడు కాదు, నాకు పాఠం చెప్పిన ప్రొఫెసర్లూ కాదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను మొదటి ఉద్యోగం చేసిన తాలూకా ఆసుపత్రిలో, కట్లు కట్టే డ్రెస్సరు చెప్పాడు. నేను వినలేదు. ఆ ఆసుపత్రి ఏ ఊళ్లోదో రాయను. ఎర్రగుంట్ల వైపు బస్సులు పోయే దారి మీద ఒక ఊరు అనుకోండి.

ఆయన పొట్టి మనిషి. నల్లటి ఒళ్లు, ఎప్పుడూ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుండేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఇప్పుడు కాగితం మీద 'ఆయన' అని రాస్తున్నాను గానీ, అప్పుడు నోటితో 'నువ్వు' అనే అన్నాను. డాక్టరు డ్రెస్సరును 'మీరు' అంటే ఆసుపత్రి కప్పు కూలిపోతుందని నమ్మిన వయసు నాది. పెద్ద యుద్ధంలో ఆంబులెన్సు దళంలో చేరి ఈజిప్టు దాకా పోయొచ్చాడని నర్సు చెప్పింది. అక్కడి కథలు ఎవరడిగినా చెప్పేవాడు కాదు. "ఇసక, ఈగలు, చీము. ఇంగేముండాది" అని ఊరుకునేవాడు.

చేతులు కడుక్కోవడం ఆయనకు పూజ. కార్బాలిక్ సబ్బుతో మోచేతుల దాకా రుద్దుతూ, పెదవులు కదిలీ కదలకుండా నూటొకటి దాకా లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. అందుకని ఆయన తొట్టి దగ్గర నిలబడితే వార్డులో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నేను మాత్రం కావాలనే ఏదో ఒకటి అడిగేవాణ్ణి. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ జవాబు చెప్పి, మూడుసార్లూ మొదటికి పోయేవాడు. మొహంలో విసుగు కనపడేది కాదు. నాకది సరదాగా ఉండేది.

ఇంకో అలవాటు ఉండేది. కట్టు విప్పగానే ఆ గుడ్డను ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసేవాడు. ఇది మామూలు చీము, ఇది పేగు తెగిన చీము, ఇది మనిషిని తినే చీము అని అక్కడికక్కడే చెప్పేవాడు. నేను మైక్రోస్కోపు లేని ఆసుపత్రిలో నిలబడి మైక్రోస్కోపు గొప్పతనం గురించి ఆయనకు ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. శ్రద్ధగా విని, తలూపి, మళ్లీ వాసన చూసేవాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెత నా కోసమే పుట్టిందని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా వైపు కొట్లాటల్లో గాయాలకు కూడా కులాలుంటాయి. ముఖం మీద, రొమ్ము మీద తగిలింది పెద్ద కులం గాయం. చొక్కా విప్పి చూపించుకు తిరుగుతారు. చేతి మీదిది ఒక మోస్తరు. వీపు మీదా, నడుం కిందా తగిలింది మాత్రం కట్టుకున్న పెళ్లానికి కూడా చూపించరు. వెనక పోటు పడిందంటే వాడు పరిగెత్తాడని అర్థం. పరిగెత్తినవాడికి ఊళ్లో రచ్చబండ మీద చోటుండదు, వాడి కొడుక్కీ ఉండదు. కొడవలి గాటును చూపించి కట్టు కట్టించుకుని, నడుములో దిగిన బల్లెం పోటును పంచె కింద దాచుకుని ఇంటికి పోయి, పది రోజుల్లో చచ్చినవాళ్లు మా తాలూకాలో ఎందరో. జ్వరం వచ్చి పోయాడు అంటారు. అదీ అబద్ధం కాదు.

ఈ సంగతి తెలిసినవాడు కాబట్టి, కొట్లాటలో దెబ్బ తగిలి ఎవడొచ్చినా, ఎక్కడ తగిలిందని చెప్పినా, ఆయన మొదటి మాట ఒకటే: "బోర్లా పండుకోప్పా."

గాయం ముందరుంటే బోర్లా ఎందుకని వాళ్లు గొణిగేవాళ్లు. "ముందరిది నువ్వు సూపిస్తాండావు. ఎనకది నేను సూస్తా" అనేవాడు. మెడ నుంచి మడమల దాకా అరచేత్తో తడిమేవాడు. తర్వాత పంచె విప్పించి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూసేవాడు. పంచెకు చిల్లి ఉంటే, అక్కడ పోయిన ముక్క ఎక్కడుందని వెతికేవాడు. బల్లెం ఒట్టిగా లోపలికి పోదు, మట్టినీ గుడ్డనూ వెంట తీసుకుని పోతుంది, వాటిని బయటికి తీయందే పుండు మానదు అని ఆయన సిద్ధాంతం. ఊళ్లోవాళ్లు గాయంలో పసుపు, సున్నం, కాల్చిన గుడ్డ మసి కూరి తెస్తే, ఉప్పునీళ్లతో గంటసేపు కూర్చుని కడిగేవాడే గానీ తిట్టేవాడు కాదు. "బయంతో పెట్టినారు సార్. నెత్తురు కారతాంటే ఏదో ఒకటి పెట్టాల గదా" అనేవాడు.

వరండాలో ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. ఇంకెవరో అనుకుని ఎవరో పొడిస్తే, కత్తి వెన్నెముకలో దిగి, నడుం కింద ఒళ్లు చచ్చిపోయింది. ఇలాంటివాళ్లు మూడు నెలలకు మించి బతకరని నా పుస్తకంలో ఉంది. కత్తిపోటు వాళ్లను చంపదు. కదలక పడుకున్నచోట ఒళ్లు పుండ్లవుతుంది, మూత్రం తీసే గొట్టం వెంట విషం లోపలికి పోతుంది. ఆయన ఆ కాపరిని పదకొండు నెలలు బతికించాడు. తాలూకా కచేరీలో కొట్టే గంటలు విని, రెండు గంటలకోసారి ఆయనో, ఆ కాపరి పెళ్లామో వచ్చి అతన్ని పక్కకు తిప్పాలి. ఆమెకు ఎలా తిప్పాలో, తిప్పాక ఎక్కడెక్కడ చెయ్యి పెట్టి చూడాలో నేర్పాడు. రబ్బరు గొట్టాన్ని ఉడకబెట్టడానికి విడిగా ఒక గిన్నె పెట్టుకున్నాడు. ఒకనాడు ఆ గిన్నెలో ఆయా టీ కాచిందని మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆయనకు కోపం వచ్చి నేను చూసింది అదొక్కసారే.

ఇక ఆ కేసు సంగతి.

ఎండాకాలం మొదట్లో ఒక పెద్ద రైతు కుటుంబం వాళ్లు జీపులో ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. పిల్లవాడంటే ఇరవై రెండేళ్లుంటాయి. చేతి మీద కొడవలి గాటు. వెంట వాడి పెదనాయన, ఇంకో నలుగురు. కొట్లాట సంగతి రెండు వర్గాలూ రాజీ చేసుకున్నాయనీ, బండి మీద నుంచి పడి కొడవలి తగిలిందని రాసుకుంటే పోలీసులతో పని ఉండదనీ పెదనాయన చెప్పాడు. ఆ వైపు అలా రాయడం కొత్తేమీ కాదు. నేను కలం తీశాను.

డ్రెస్సరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "బోర్లా పండుకోప్పా" అన్నాడు.

పెదనాయన లేచి నిలబడ్డాడు. పిల్లవాడు కళ్లు మూసుకున్నాడు. ఎవరూ సాయం పట్టకపోయినా ఆయనే మెల్లగా తిప్పాడు. ఎడమ పిరుదు మీద, నడుముకు జానెడు కింద, వేలు మందాన చిల్లి. పంచె కొత్తది. పాతది ఏదని ఆయన అడిగితే, కాల్చేశామన్నారు.

పెదనాయన నన్ను పక్కకు పిలిచి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి, ఊరంతా లేచి నిలబడే మనిషి. "డాక్టరయ్యా, నువ్వు మా ఇంటి బిడ్డ లెక్క. ఈనికి ఎనక గాయం ఉండాదని కాగితం ఎక్కితే మా ఇంట్లో మొగోళ్లు తల ఎత్తుకోలేరు. సన్న చిల్లి. రెండు కుట్లేసి మూసేయి" అన్నాడు.

డ్రెస్సరు నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇది బల్లెం పోటు సార్. బయట ఏలు మందం, లోపల జానెడు. మూయాకండి. గ్లౌజు ఏసుకొని దొడ్డికి పోయే దారిన ఏలు పెట్టి సూడండి. నెత్తురు అంటితే పేగు తెగినట్టే. కర్నూలుకు పంపిద్దాం. ఆడ కడుపు మీద దొడ్డికి ఏరే దారి చేసి కాపాడతారు."

వేలు పెట్టి చూడటానికి నిమిషం పట్టదు. కానీ ఆ పెద్దమనుషుల ముందు, ఆ ఇంటి పిల్లవాడికి, ఆ చోట. నాకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. వాటికంటే పెద్ద కారణం, చెప్పింది డ్రెస్సరు కావడం. పెన్సిలిన్ ఉండగా ఈ పాతకాలపు చాదస్తమేమిటి, నీ పని నువ్వు చూసుకో అని అందరూ వినేలా అన్నాను. "సూదిమందు నెత్తుట్లో పోతాది సార్. చీము గూడు కట్టినకాడ నెత్తురు యాడుండాది?" అన్నాడు. నేను పట్టుదారంతో మూడు కుట్లు వేశాను. చక్కగా, ముచ్చటగా వేశాను. కాగితంలో చేతి గాయం ఒక్కటే రాశాను.

రెండో రోజుకు జ్వరం వచ్చింది. సూదులు ఎక్కువ చేశాను. మూడో రోజుకు కడుపు ఉబ్బింది, మూత్రం ఆగింది. నాలుగో రోజు నాకు కడప కోర్టులో ఇంకో పొడుపు కేసులో సాక్ష్యం ఉంది. బస్సెక్కబోతుంటే డ్రెస్సరు వెంట వచ్చి, పోయే ముందు ఆ కుట్లు విప్పి పొమ్మన్నాడు. వచ్చాక చూద్దామన్నాను. కడపలో దేవుని మీద ప్రమాణం చేసి, ఎవరిదో వీపు మీది గాయం ఎంత పొడుగో ఎంత లోతో వివరంగా చెప్పాను. జడ్జీ మెచ్చుకున్నాడు.

మరుసటి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆయన కుట్లు విప్పి, గాయాన్ని ఇంకొంచెం పొడుగు కోసి ఉన్నాడు. అర బేసిను చీము పోయిందని నర్సు చెప్పింది. దాంతోపాటు నల్లగా ఒక ఉండ వచ్చిందట. కడిగితే పంచె ముక్క, కావి అంచుతో సహా. దాన్ని ఆరబెట్టి, ఖాళీ పెన్సిలిన్ సీసాలో వేసి మూత పెట్టాడు.

ఎవర్నడిగి కోశావని అరిచాను.

"అడగడానికి మీరు లేరు సార్. వాడుండాడు, వాన్ని అడిగినా. కొయ్యమన్నాడు" అన్నాడు.

అప్పుడు నేను గ్లౌజు వేసుకుని వేలు పెట్టి చూశాను. నాలుగు రోజులు ఆలస్యంగా చూశాను. ఏం అంటిందో రాయనక్కర్లేదు. పిల్లవాడికి జ్వరం కొద్దిగా తగ్గి, మాట వచ్చింది. బోర్లా పడుకునే నాతో అన్నాడు, "నేను పరిగెత్తలేదు సార్. మా జీతగాడు కింద పడినాడు. వాన్ని లేపుదామని వంగినా." పెదనాయనకు చెప్పావా అని అడిగాను. చెప్పినా ఎవరు నమ్ముతారన్నాడు. కర్నూలుకు తీసుకుపొమ్మని ఈసారి నేనే బతిమాలాను. అక్కడ పదిమందికీ తెలుస్తుందని పెదనాయన ఒప్పుకోలేదు. విషం అప్పటికే ఒళ్లంతా పాకింది. రెండు రోజులకు పోయాడు.

నెల తిరగకముందే పెదనాయన పై ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నాడు. చేతికి గాయమై ఆసుపత్రికి పోయిన మా బిడ్డను, అవతలి వర్గం దగ్గర డబ్బు తిని, డ్రెస్సరు వెనక కత్తి పెట్టి కోసి చంపాడని. కాగితం ప్రకారం చూస్తే అది నిజమే. ఆ పిల్లవాడి ఒంటి మీద వెనక గాయం అంటూ ఉంటే, అది డ్రెస్సరు కోసినదొక్కటే. ఆ కాగితం రాసింది నేను.

విచారణ కర్నూల్లో, ఒక డేరాలో. రాజధాని అయితే అయింది గానీ కచేరీలకు ఇళ్లు చాలక డేరాలు వేసిన కాలం. వడగాలికి డేరా గుడ్డ కొట్టుకుంటోంది. డ్రెస్సరు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, సీసా తీసి బల్ల మీద పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, నేను కుట్లు వేసిన సంగతితో సహా. అప్పుడు అధికారి నా వైపు తిరిగాడు. వెనక గాయం ఉన్నట్టు మీ కాగితంలో ఉందా? లేదండీ. కోయమని మీరు చెప్పారా? లేదండీ. ఈ గుడ్డ ముక్క గాయంలోంచి రావడం మీ కళ్లతో చూశారా?

చూడలేదండీ, అన్నాను.

మూడూ నిజాలే. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు. కుట్లు వేసింది నేనేనా అని నాలుగో ప్రశ్న అధికారి అడగలేదు. అడగకపోతే చెప్పకూడదా? చెప్పవచ్చు. పక్కనే నిలబడ్డాడు ఆయన. నా వైపు చూశాడు. తొట్టి దగ్గర లెక్క తప్పించినప్పుడు ఎలా చూసేవాడో అలాగే. విసుగు కూడా లేదు. సీసా తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఉద్యోగం పోయింది. యుద్ధం నుంచి తెచ్చుకున్న మంచి పేరూ పోయింది. ఆయన పోయాక కాపరి పెళ్లాం గంటలు విని మొగుణ్ణి తిప్పుతూనే ఉంది గానీ, కొత్తగా వచ్చిన డ్రెస్సరు గొట్టాన్ని చన్నీళ్లలో జాడించి పెట్టేవాడు. నేను రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. రెండు నెలలకు కాపరి చలిజ్వరంతో పోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆ రోకలి కూడా నా చేతిలోదే.

నాలుగేళ్ల తర్వాత, మశూచి టీకాల పని మీద నందికొట్కూరు పోయినప్పుడు, పశువుల సంతలో ఆయన కనపడ్డాడు. కాడి రాసుకుని పుండు పడిన ఎద్దు మెడను కడిగే ముందు చేతులు రుద్దుకుంటున్నాడు. పక్కన బకెట్టులో ఉప్పునీళ్లు, సబ్బు ముక్క. చుట్టూ అంత గోలలో పెదవులు మెల్లగా కదులుతున్నాయి. నేను పలకరిస్తే లెక్క తప్పుతుందని, ఆయన చేతులు కడుక్కోవడం పూర్తయ్యేదాకా నిలబడ్డాను. జన్మలో మొదటిసారి నిలబడ్డాను.

ఎద్దు మెడ కడగడం మొదలుపెడుతూ నన్ను చూసి, "బాగుండారా సార్" అన్నాడు. పిల్లలెందరని అడిగాడు. ఇంకా కుడతాండారా అని అడగలేదు. అడుగుతాడేమోనని నేనే గబగబా మాట అందుకున్నాను.

అప్పటికి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, డేరాలు లేవు. ఫైలు మాత్రం ఎక్కడో ఒక బీరువాలో ఉండి ఉంటుంది. నేను ఆ రోజు చెప్పి ఉండాల్సిందన్నాను. ఇప్పుడైనా పైవాళ్లకు రాస్తానన్నాను. వద్దులెండి సార్, అయిపోయిందేదో అయిపోయింది అంటాడని నా ఆశ. అలా అంటే నాకు చాలు, ఆ రాత్రికి హాయిగా నిద్రపోవచ్చు. పెద్ద మనసున్న పేదవాళ్లు అలాగే అంటారని ఎక్కడో చదువుకున్నాను.

ఆయన ఎద్దు మెడ మీద నుంచి చెయ్యి తీయలేదు. 

"రాయండి సార్. గుడ్డ ముక్క ఇంటికాడ ఉండాది" అన్నాడు.

తప్పకుండా రాస్తానన్నాను. ఆ ఏడాది నాకు ప్రమోషను రావాల్సి ఉంది, వచ్చాక రాద్దామనుకున్నాను. వచ్చాక, వచ్చినదాన్ని పోగొట్టుకోవడం ఎందుకనుకున్నాను. ఇంకో రెండేళ్లకు ఆయన పోయాడని నందికొట్కూరు నుంచి వచ్చిన ఒక మందుల షాపతను చెప్పాడు. అయ్యో అన్నాను. ఆ సీసా ఎవరి దగ్గరుందని అడగలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున పదింటికి ఒక అమ్మాయి వచ్చి నా కట్టు మారుస్తుంది. బోర్లా తిరగండి తాతా అంటుంది, తిరుగుతాను. పుండు లోపల్నుంచి చక్కగా పూడుకుంటూ వస్తోందట. ఆయన చెప్పినట్టే.

ఇంతదాకా చదివినవాళ్లు గమనించే ఉంటారు, ఆయన పేరు నేను ఎక్కడా రాయలేదు. మరిచిపోయి కాదు. ఇంటిపేరుతో సహా గుర్తుంది. ఆ పేరు రాస్తే, దాని కింద నా పేరు కూడా రాయాలి.